పిల్లల ఆపరేషన్ల బృందంతో విదేశానికి వెళ్తానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి వైద్యవిద్య రెండో సంవత్సరం చదువుతోంది. పేద దేశాల్లో పిల్లలకు ఉచితంగా ఆపరేషన్లు చేసే ఒక బృందంతో రెండు వారాలు వెళ్తానని పట్టుబడుతోంది. గ్రహణం మొర్రి, అంగిలి చీలిక ఉన్న పిల్లలకు ఆపరేషన్లు చేస్తారట. ఖర్చంతా మేమే పెట్టుకోవాలి. ‘విద్యార్థులకు థియేటర్లో సాయం చేసే అవకాశం, కుట్లు వేసే అనుభవం దొరుకుతాయి’ అని వాళ్ల కరపత్రంలో ఉంది. అది చదివి అమ్మాయి ఎగిరి గంతేసింది. రేపు పీజీ సీటుకు కూడా పనికొస్తుందంటోంది. నాకేమో టెన్షన్‌గా ఉంది. పంపమంటారా?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, అసలు మాట ముందే చెప్పేస్తాను. ఈ బృందంతో, ఈ హామీ మీద అయితే పంపొద్దు. అలాగని అమ్మాయి కోరికను మొత్తానికే తుంచేయొద్దు.

ఆమెను గంతేయించిన ఆ వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. కుట్లు వేసే అనుభవం! తను చదివే కాలేజీ ఆసుపత్రిలో మూడు నెలల పాప పెదవికి కుట్టు వేస్తానని రెండో సంవత్సరం విద్యార్థిని అడిగితే ఎవరైనా ఒప్పుకుంటారా? ఒప్పుకోరు. మరి విమానం దిగగానే ఆ అర్హత ఎక్కడి నుంచి వస్తుంది? ఆ పాప తల్లి పేదది కావడం వల్ల వస్తుంది. వచ్చినవాళ్లలో డాక్టరెవరో, విద్యార్థి ఎవరో ఆమెకు తెలియకపోవడం వల్ల వస్తుంది. అడిగితే ఆపరేషన్ చేయరేమోనన్న భయంతో ఆమె నోరు మెదపకపోవడం వల్ల వస్తుంది. మీరూ తల్లే కదా, ఇంతకన్నా వివరంగా చెప్పక్కర్లేదు.

గ్రహణం మొర్రి ఆపరేషన్ చూడటానికి చిన్నదే. కానీ పై పెదవి అంచు ఒక్క మిల్లీమీటరు పైకో కిందకో జరిగినా, ఎదురుగా నిలబడి మాట్లాడేవాళ్లకు ఆ తేడా జీవితాంతం కనిపిస్తుంది. అంగిలి ఇంకా సున్నితం. అక్కడి కండరాలను సరిగా కలపకపోతే పిల్లకు మాట ముక్కులోంచి వస్తుంది. కుట్టిన చోట రంధ్రం మిగిలితే తాగిన పాలు ముక్కులోంచి కారతాయి. మళ్లీ చేద్దామంటే, ఒకసారి మచ్చ కట్టిన చోట కండ మొదటిసారిలా సాగదు. కొత్త చేతులు సాధన చేసుకోవాల్సిన చోటు అది కాదు.

ఈ మాట నేనొక్కడినే అనడం లేదు. అమెరికాలోని వైద్య కళాశాలల సంఘం విదేశాల్లో రోగుల దగ్గరికి వెళ్లే విద్యార్థుల కోసం మార్గదర్శకాలు ప్రచురించింది. మీ చదువుకు, శిక్షణకు మించిన పని అక్కడ ఎవరు చేయమన్నా చేయొద్దని, అలా చేస్తే రేపు మీ అడ్మిషన్‌కే దెబ్బ తగలొచ్చని అందులో హెచ్చరించారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్లు ఇలా వెళ్లే విద్యార్థుల కోసమే ఒక ఆన్‌లైన్ శిక్షణ తయారుచేశారు. ఏ బృందంతో వెళ్లినా, వెళ్లకపోయినా మీ అమ్మాయి దాన్ని ముందు పూర్తిచేస్తే బాగుంటుంది.

అవసరం లేదని మాత్రం నేననను. ప్రపంచంలో సుమారు 500 కోట్ల మందికి సురక్షితమైన ఆపరేషన్, మత్తు వైద్యం భరించగల ఖర్చులో, వేళకు అందడం లేదని 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ లెక్కగట్టింది. ఏటా ఇంకో 14.3 కోట్ల ఆపరేషన్లు జరగాల్సి ఉందని కూడా చెప్పింది. పిల్లలూ, యుక్తవయసువాళ్లే సుమారు 170 కోట్ల మంది శస్త్రచికిత్సకు దూరంగా ఉన్నారని 2019లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా. మొర్రి సుమారు 700 కాన్పుల్లో ఒకరికి వస్తుంది. పేరులో గ్రహణం ఉన్నా దానికీ గ్రహణానికీ సంబంధం లేదు, అది తల్లి చేసిన తప్పు అంతకన్నా కాదు. అయినా లోకం నింద మాత్రం చాలాచోట్ల తల్లి మీదే పడుతుంది. ఆపరేషన్ అయి పిల్ల బయటికొచ్చినప్పుడు ఆ తల్లి మొహం చూడాలన్న మీ అమ్మాయి తపన నాకు అర్థమవుతుంది.

ఇలాంటి ప్రయాణాలు మొదలైందే ఆ తపనతో. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ప్లాస్టిక్ సర్జన్ డొనాల్డ్ లాబ్ 1969లో ఇంటర్‌ప్లాస్ట్ అనే సంస్థ పెట్టారు. ప్లాస్టిక్ సర్జన్ బిల్ మెగీ, నర్సు క్యాథీ మెగీ అనే అమెరికన్ దంపతులు ఫిలిప్పీన్స్ వెళ్లినప్పుడు తాము చేయగలిగిన దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువమంది పిల్లలు వరసకట్టారు. చాలామందిని వెనక్కి పంపాల్సి వచ్చింది. ఆ బాధలోంచే 1982లో ఆపరేషన్ స్మైల్ అనే సంస్థ పుట్టింది. తర్వాత ఆలోచన కొంత మారింది. 1999లో వచ్చిన స్మైల్ ట్రెయిన్ అనే సంస్థ విదేశీ సర్జన్లను విమానమెక్కించడం కాకుండా, ఏ దేశపు డాక్టర్లకు ఆ దేశంలోనే శిక్షణా, డబ్బూ ఇవ్వడం మీద నడుస్తోంది. పాత సంస్థలు కూడా ఇప్పుడు స్థానిక డాక్టర్లను తయారుచేయడం మీద ఎక్కువ దృష్టి పెడుతున్నాయి. ఎందుకంటే పిల్లల ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర అయిపోయేది కాదు. బృందం విమానమెక్కిన రాత్రి పిల్లకు రక్తం కారడం మొదలైతే ఎవరు చూస్తారు? మూడు వారాలకు అంగిలిలో రంధ్రం కనిపిస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలి? రెండేళ్లకు మాట స్పష్టంగా రాకపోతే స్పీచ్ థెరపీ ఎవరిస్తారు? నేనైతే ఏ బృందాన్నయినా ముందు ఈ మూడు ప్రశ్నలతోనే తూస్తాను. పేరున్న స్థానిక ఆసుపత్రి, అక్కడి డాక్టరు పేరు, పిల్లను మళ్లీ పిలిచే తేదీలు చెప్పగలిగితే అది నమ్మదగిన బృందం. ‘మళ్లీ ఏడాది వస్తాం కదా’ అంటే కాదు.

కొన్ని జబ్బులకు రెండు వారాల బృందం అసలే పనికిరాదు. వంకర పాదాలతో పుట్టిన పిల్లల సంగతే చూడండి. అమెరికాలోని అయోవాలో పనిచేసిన డాక్టర్ ఇగ్నాసియో పొన్సెటీ రూపొందించిన పద్ధతిలో వారం వారం పిండికట్టు మారుస్తూ పాదాన్ని నెమ్మదిగా తిప్పుతారు. చాలామందికి చివర్లో మడమ వెనక, కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువుకు ఒక చిన్న కోత పెడతారు. ఆ తర్వాత నాలుగేళ్లు వచ్చేదాకా రాత్రిళ్లు ప్రత్యేకమైన బూట్లు వేయాలి. అక్కడే ఉండే మనిషి కావాలి ఆ పనికి.

మరి విద్యార్థికి అక్కడ పనే లేదా అంటే, బోలెడంత ఉంది. సర్జన్ చుట్టూ మత్తు డాక్టర్లు, నర్సులు, పళ్ల డాక్టర్లు, స్పీచ్ థెరపిస్టులు, యంత్రాలు చూసే బయోమెడికల్ టెక్నీషియన్లు, రికార్డులు రాసేవాళ్లు, ఒక భాష మాటను ఇంకో భాషలో చెప్పేవాళ్లు ఉంటారు. 1978లో మొదలై, ఆసుపత్రి ఓడలు నడుపుతున్న మెర్సీ షిప్స్ అనే సంస్థలో వంటవాళ్లు, ఎలక్ట్రీషియన్లు, టీచర్లు కూడా వాలంటీర్లే. ఆపరేషన్ స్మైల్ హైస్కూలు పిల్లలను కూడా శిక్షణ ఇచ్చి తీసుకెళ్లింది. వాళ్లు కత్తి ముట్టుకోరు. ఎదురుచూస్తున్న పిల్లలతో ఆడతారు, తల్లిదండ్రులకు పళ్ల శుభ్రత గురించీ, పోషణ గురించీ చెప్తారు.

ఆడించడం చిన్న పనేం కాదు. నాలుగేళ్ల పిల్లాడికి మత్తు మాస్కు మొహం మీద పెట్టగానే ప్రాణం పోయినంత భయం. ముందురోజే అలాంటి మాస్కు వాడి చేతికిచ్చి, బొమ్మకు పెట్టించి, తర్వాత తనకు తనే పెట్టుకునేలా ఆడిస్తే మర్నాడు ఆ భయం చాలా తగ్గుతుంది. చైల్డ్ లైఫ్ స్పెషలిస్ట్ అని దీన్నే వృత్తిగా చేసుకున్నవాళ్లు పెద్ద పిల్లల ఆసుపత్రుల్లో ఉంటారు. మీ అమ్మాయి రేపు పిల్లల డాక్టరైనా, సర్జనైనా ఈ విద్య ఆమెకు రోజూ అక్కరకొస్తుంది.

చిన్న పని అనుకుంటే ఏమవుతుందో ఒకటి చెప్తాను. నా దగ్గర సలహా తీసుకున్న ఒక నర్సింగ్ విద్యార్థిని ఇలాంటి శిబిరానికి వెళ్లింది. పొద్దుటి నుంచి ఏమీ తినక ఏడుస్తున్న పిల్లను చూసి కడుపు తరుక్కుపోయి ఒక బిస్కెట్ ఇచ్చింది. మత్తిచ్చాక కడుపులో ఉన్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. అందుకే తేలికపాటి ఆహారమైనా ఆరు గంటల ముందు, తల్లిపాలు నాలుగు గంటల ముందు, మంచినీళ్లు రెండు గంటల ముందు ఆపేస్తారు. పిల్ల బిస్కెట్ తిన్నదని తెలిసి మత్తు డాక్టర్ ఆపరేషన్ ఆపేశాడు. అది శిబిరం చివరి రోజు. ఆ తల్లి తనను ఒక్క మాట కూడా అనలేదని చెప్తూ ఆ అమ్మాయి నా ముందు ఏడ్చేసింది. ఆమెది చెడ్డ మనసు కాదు. ఆ వార్డులో ఏం చేయకూడదో బృందం ఆమెకు ముందుగా నేర్పలేదు. కాబట్టి వెళ్లేముందు ఎన్ని రోజుల శిక్షణ ఇస్తారో, అక్కడ విద్యార్థుల మీద ఎవరు కన్నేసి ఉంచుతారో అడగండి.

పిల్లలను పరీక్షించి ఎంపిక చేసే రోజుకు మీ అమ్మాయిని మీరు సిద్ధం చేయాలి. దగ్గు, జ్వరం, రక్తహీనత, బరువు తక్కువ ఉన్న పిల్లలను ఆపరేషన్‌కు తీసుకోరు. పెదవి ఆపరేషన్‌కు పది వారాల వయసు, పది పౌండ్ల బరువు అంటే సుమారు నాలుగున్నర కిలోలు, పది గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలన్నది పాతకాలం నుంచి వస్తున్న లెక్క. ఎంతో దూరం నడిచొచ్చిన తల్లికి ‘ఈసారి కాదు’ అని చెప్పడం చూడాలి. పెద్ద డాక్టర్లే తట్టుకోలేక పక్కకెళ్లి కళ్లు తుడుచుకుంటారు. తిరిగొచ్చాక కొన్నాళ్లు అమ్మాయి ముభావంగా ఉంటే కంగారుపడకండి, పక్కన కూర్చుని చెప్పనివ్వండి.

ఇక మీ టెన్షన్ సంగతి. ముందు సర్జన్ గురించి కాదు, మత్తు గురించి అడగండి. పసిపిల్లల శ్వాసనాళం సన్నగా ఉంటుంది, ప్రాణాపాయం వచ్చేది ఎక్కువగా అక్కడే. పిల్లలకు మత్తివ్వడంలో అనుభవమున్న డాక్టర్ ఉన్నారా, ప్రతి బల్లకూ రక్తంలో ఆక్సిజన్ చూపే పల్స్ ఆక్సీమీటర్ ఉందా, పరిస్థితి విషమిస్తే ఐసీయూ ఎంత దూరం, అక్కడి వైద్య మండలి ఈ డాక్టర్లకు అనుమతి ఇచ్చిందా అని రాతపూర్వకంగా అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన 19 అంశాల సేఫ్టీ చెక్‌లిస్ట్ ప్రతి ఆపరేషన్‌కూ చదువుతారా అనీ అడగండి. ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దాన్ని పరీక్షించినప్పుడు ఆపరేషన్ల తర్వాత మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. మంచి బృందానికి ఈ ప్రశ్నలంటే సంతోషం, విసుక్కునేవాళ్లతో మీకు పనిలేదు.

అమ్మాయి ఆరోగ్యం కూడా చూసుకోవాలి. హెపటైటిస్ బి మూడు డోసులు మామూలుగా ఆరు నెలల్లో పూర్తవుతాయి, వేయించకపోతే ఇప్పుడే మొదలుపెట్టండి. ఎల్లో ఫీవర్ ఉన్న దేశమైతే ఆ టీకా సర్టిఫికెట్ పదో రోజు నుంచే చెల్లుతుంది. పొరపాటున సూది గుచ్చుకుంటే హెచ్ఐవీ రాకుండా మందులు 72 గంటల్లోపు, వీలైతే గంటల్లోనే మొదలుపెట్టాలి. ఆ మందులు బృందం దగ్గరే ఉన్నాయో లేదో కనుక్కోండి. ఫోన్‌లో ఫొటోల విషయం మీరే గట్టిగా చెప్పండి: ఆ పిల్ల తల్లికి అర్థమయ్యే భాషలో అడిగి, ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే తప్ప తీయకూడదు.

పీజీ సీటు మాటకొస్తే, ప్రవేశ పరీక్ష ర్యాంకు మీదే సీటిచ్చే చోట ఈ ప్రయాణానికి ఒక్క మార్కు రాదు. వ్యాసం, ఇంటర్వ్యూ చూసే చోట పనికొస్తుంది. అయితే అక్కడ కూర్చునేవాళ్లు డాక్టర్లు. ‘నేను పిల్లలకు కుట్లు వేశాను’ అని గర్వంగా చెప్తే వాళ్ల మొహం మారిపోతుంది. ‘వేయమన్నారు, నాకు ఆ అర్హత లేదని తప్పుకున్నాను’ అంటే మనిషి మీద గౌరవం కలుగుతుంది. ఒక్క ప్రయాణం కన్నా ఒకే పనిలో రెండు మూడేళ్లు నిలబడటం వాళ్లకు నచ్చుతుంది.

ఆమెకు నిజంగా ఈ దారే ఇష్టమైతే, పేద దేశాల్లోనూ అందరికీ ఆపరేషన్లు అందేలా చూసే గ్లోబల్ సర్జరీ అని ఇప్పుడు ఒక రంగమే ఉంది. విద్యార్థులే నడుపుకునే ఇన్సిజన్ అనే అంతర్జాతీయ సంఘం ఉంది. పిల్లల శస్త్రచికిత్స కోసం 2016లో మొదలైన గ్లోబల్ ఇనిషియేటివ్ ఫర్ చిల్డ్రన్స్ సర్జరీ అనే వేదిక ఉంది. ఆఫ్రికా ఖండంలోని తూర్పు, మధ్య, దక్షిణ ప్రాంతాల దేశాలు కలిసి 1999లో సొంత సర్జన్ల కళాశాల కోసెక్సా పెట్టుకున్నాయి. అక్కడి డాక్టర్లు ఏం రాస్తున్నారో, ఏం కావాలంటున్నారో ఆమె ఇప్పటినుంచే చదవొచ్చు. మత్తు వైద్యాన్ని కూడా మనసులో పెట్టుకోమనండి, సర్జన్ల కన్నా వాళ్ల కొరతే చాలాచోట్ల ఆపరేషన్లను ఆపేస్తోంది.

ఈ ఏడాదికి నా సలహా ఇది. తన కాలేజీ ఆసుపత్రిలోనే పిల్లల సర్జరీ విభాగం పెద్దను కలిసి, శని, ఆదివారాలు వార్డులో పిల్లలతో గడుపుతానని, తల్లులకు కాగితాలు నింపి పెడతానని అడగమనండి. ఇంటర్న్‌షిప్ అయ్యాక, చేతికి లైసెన్స్ వచ్చాక వెళ్తే ఆమె అక్కడ నిజంగా అక్కరకొచ్చే మనిషి అవుతుంది. అంతవరకు ఆగలేనంటే, విద్యార్థి ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో రాసిచ్చే మరో సంస్థను వెతుక్కోమనండి. అలాంటిది దొరికితే సెలవుల్లో నిశ్చింతగా పంపండి.

ఈ బృందానికి మాత్రం డబ్బు కట్టేముందు అమ్మాయి చేతే ఒక ఉత్తరం రాయించండి: ‘మీరు వెళ్లిపోయాక పిల్లలను ఎవరు చూస్తారు? రెండో సంవత్సరం విద్యార్థిని కుట్లు వేయడానికి ఆ దేశపు చట్టం ఒప్పుకుంటుందా?’ ఏం జవాబిచ్చారో నాకు కూడా రాయండి.