దీనియాత్ పీరియడ్‌లో పర్యావరణం నేర్పొచ్చా? వజూ కుళాయి దగ్గర మొదలుపెట్టండి

స్కూల్లో ఇస్లామీయ బోధన (దీనియాత్) ద్వారా పిల్లలకు పర్యావరణం మీద శ్రద్ధ కలిగించొచ్చా అని అడిగారు. తప్పకుండా కలిగించొచ్చు. పోస్టర్లు, వక్తృత్వ పోటీలు మాత్రం వద్దు, వాటితో ఒక్క చుక్క నీరూ మిగలదు.

ఒక పిల్లవాణ్ణి రోజూ చేసుకున్నట్టే వజూ (నమాజుకు ముందు ముఖం, కాళ్లూచేతులు కడుక్కోవడం) చేసుకోమని చెప్పి, కుళాయి కింద బకెట్ పెట్టండి. ఆ నీళ్లను లీటరు సీసాతో పిల్లల చేతే కొలిపించండి. ఐదారు లీటర్లు తేలడం మామూలే. ఆ తర్వాత బుఖారీ, ముస్లిం అనే గ్రంథాల్లో ఉన్న హదీసు (ప్రవక్త మాటలు, చేతల వివరం) చెప్పండి: ప్రవక్త (స) ఒక ముద్ద్ (పాతకాలపు కొలత) నీళ్లతో వజూ చేసేవారు. ముద్ద్ లెక్క ధర్మశాస్త్ర సంప్రదాయాన్ని, అంటే మజ్‌హబ్‌ని బట్టి మారుతుంది గానీ, ఎలా చూసినా సుమారు లీటరుకు మించదు. బకెట్ పక్కన ఆ సీసా పెడితే 'ఇస్రాఫ్' (వృథా) అంటే ఏమిటో పిల్లలకు కళ్లముందే కనిపిస్తుంది. చాలామంది ముందుగా "పారే నది దగ్గరున్నా వృథా చేయొద్దు" అన్న హదీసే చెబుతారు. ఇబ్నె మాజా అనే హదీసు గ్రంథంలోని ఆ సనద్ (చెప్పినవారి వరుస) బలహీనమన్న ముహద్దిసులు (హదీసు పండితులు) ఉన్నారు. గట్టి ఆధారం చేతిలో ఉండగా దాన్ని ముందు పెట్టడం దేనికి?

నీళ్లు ఎక్కువగా పోయేది చొక్కా చేతులు మడిచేటప్పుడు, తలకు మసహ్ చేసేటప్పుడు (తడిచేత్తో తుడిచేటప్పుడు). మసహ్‌కు తడిచేయి చాలు, అయినా కుళాయి పారుతూనే ఉంటుంది. చేతులు మడుచుకుని, సాక్సులు విప్పాకే కుళాయి దగ్గరికి రావాలని నియమం పెట్టండి.

మొదటిరోజే లీటరుకు కట్టడి చేస్తే మోచేతులు, మడమలు పొడిగా మిగిలిపోతాయి, వజూయే చెల్లదు. రెండు లీటర్ల జగ్గుతో మొదలుపెట్టి, అందులో అర లీటరు పాదాలకు ఉంచమనండి. చేయి తిరిగాక లీటరున్నరకు తగ్గించండి. చిన్నపిల్లలకు అక్కడితో ఆపేయండి.

వాడిన నీళ్లతో హనఫీ మజ్‌హబ్ ఫిఖ్ (ధర్మశాస్త్రం) ప్రకారం మళ్లీ వజూ చెల్లదు, చెట్లకు మాత్రం చక్కగా పనికొస్తాయి. ఆ నీళ్లను చెట్లకు తీసుకెళ్లే పైపు మూతికి జాలీ కట్టి వారానికోసారి దులపండి. లేకపోతే మట్టి, వెంట్రుకలతో పూడుకుపోయి, నిలిచిన నీళ్లలో దోమలు పెరుగుతాయి.

జూన్ 5న, పర్యావరణ దినోత్సవం నాడు ఫొటో కోసం నాటే మొక్కల్ని చూస్తే బాధేస్తుంది. నాటిన చెట్టు నుంచి పిట్టో, మనిషో, పశువో తింటే అది సదఖా (దానం) అని హదీసు. ఎండిపోయిన మొక్క ఎవరికి తిండి పెడుతుంది? వానలు పడ్డాక జులైలో, వజూ నీళ్లు చేరే చోటే ఒక జామో, కరివేపాకో నాటండి. వేసవి సెలవుల్లో ఆ నీళ్లుండవు, కాబట్టి రోజు విడిచి రోజు రెండు బకెట్లు ఎవరు పోస్తారో ఏప్రిల్‌లోనే పేరు రాసి పెట్టుకోండి.