కడిగిన గుడ్డు ఫ్రిజ్‌లోనే ఉండాలి

డిసెంబర్‌లో టెక్సాస్ నుంచి తిరుపతి వచ్చానంటే కొర్లగుంటలో మా ఇంటికి ఎవరో ఒకరు అమెరికా సందేహాలతో వస్తూనే ఉంటారు. ఎక్కువగా వీసా గురించో, ఇంటి లోన్ గురించో అడుగుతారు. ఈసారి పక్క వీధిలో ఉండే ఒకామె ఫోన్ నా చేతిలో పెట్టి, "మా పాపతో మాట్లాడు మ్మా, కోళ్లు తెచ్చి పెట్టుకున్నాదంట" అంది. ఆ అమ్మాయి కూడా టెక్సాస్‌లోనే, డల్లాస్ దగ్గర ఇల్లు కొని ఏడాది కూడా కాలేదు. పెరట్లో ఐదు పెట్టలున్నాయి. "పిన్నీ, దినానికి నాలుగు గుడ్లు వస్తాండాయి. దాచేది ఎట్లో తెలీలేదు. ఆఫీసులో వాళ్లు కొంటామంటాండారు, అమ్మొచ్చా?" అని అడిగింది.

ఫోన్‌లో చెప్పగలిగింది చెప్పాను. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. 2025 మార్చిలో అమెరికాలో డజను గుడ్ల సగటు ధర 6 డాలర్లు దాటినప్పటి నుంచి మనవాళ్లలో చాలామందికి పెరటి కోళ్ల ఆలోచన వచ్చింది. వాళ్లందరికీ ఇవే సందేహాలు.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. చంద్రగిరి దగ్గర మా అవ్వ పెంచిన కోళ్లను చూస్తూ పెరిగిన దాన్ని. అవ్వ గూట్లో ఒక గుడ్డు వదిలి మిగతావి తీసేది. తవుడు పోసిన కుండలో పేర్చి, చల్లగా ఉండే మూలలో పెట్టేది. గుడ్డును ఎప్పుడూ కడిగేది కాదు, మురికి ఉంటే పొడి గుడ్డతో తుడిచేది. టెక్సాస్‌లో మొదటిసారి కోళ్లు పెట్టినప్పుడు నేను అవ్వ పద్ధతి సగం, అమెరికా పద్ధతి సగం కలిపాను. శుభ్రంగా ఉండాలని ప్రతి గుడ్డునూ కుళాయి కింద చన్నీళ్లతో కడిగాను. తర్వాత అవ్వలాగే బుట్టలో వేసి వంటగది గట్టు మీద పెట్టాను. పది రోజులకు వాటిలో డజను తీసి బాలింతగా ఉన్న ఒక స్నేహితురాలికి ఇచ్చాను. ఆమె రెండో గుడ్డు పగలగొట్టగానే కుళ్లు వాసన వచ్చింది. అదృష్టం, ఎవరూ తినలేదు. ఆ రోజు పడ్డ బాధ ఇప్పటికీ పోలేదు.

తప్పు ఎక్కడ జరిగిందంటే, గుడ్డు పెంకు నిండా కంటికి కనిపించని వేల రంధ్రాలుంటాయి. కోడి గుడ్డు పెట్టేటప్పుడే దాని మీద ఒక పల్చటి పొర వస్తుంది, అది ఆరి ఆ రంధ్రాలను మూసేస్తుంది. అవ్వ కడగలేదు కాబట్టి ఆ పొర అలాగే ఉండేది. నేను దాన్ని కడిగేశాను. పైగా చన్నీళ్లు తగిలితే లోపలి పదార్థం కొంచెం ముడుచుకుని, పెంకు మీది మురికి నీటిని లోపలికి లాక్కుంటుంది. అమెరికా అంగళ్లలో గుడ్లు ఫ్రిజ్‌లోనూ, ఇంగ్లండ్‌లో మామూలు అరల్లోనూ కనిపించడానికి కారణం ఇదే. అమెరికాలో కడిగి అమ్ముతారు, ఇంగ్లండ్‌లో కడగరు.

కాబట్టి రెండింటిలో ఒకటే ఎంచుకోండి. కడగకపోతే చల్లటి చోట కొద్ది రోజులు బయట ఉంచుకోవచ్చు. కడిగితే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి, వండే వరకు బయటికి తీయకూడదు. చల్లటి గుడ్డు బయటికి తీస్తే పెంకుకు చెమట పడుతుంది, ఆ తడితో పాటు క్రిములు లోపలికి పోతాయి. రెండు గంటలు దాటి బయట ఉంచకండి. టెక్సాస్ ఎండాకాలంలో నేనైతే కడగని గుడ్లు కూడా ఫ్రిజ్‌లోనే పెడతాను. కడగక తప్పని గుడ్డయితే, దానికన్నా కనీసం 20 ఫారన్‌హీట్ డిగ్రీలు ఎక్కువ వెచ్చగా ఉన్న నీళ్లు వాడండి. నానబెట్టకండి.

అసలు కడిగే అవసరం తగ్గించుకోవడమే మేలు. నాలుగైదు పెట్టలకు గుడ్లు పెట్టే గూడు ఒకటి చాలు, అందులో గడ్డి పొడిగా ఉండాలి. రాత్రి కోళ్లు ఈ గుడ్ల గూట్లో పడుకోకుండా చూడండి, అక్కడే రెట్టలు వేస్తాయి. గుడ్లు ఉదయం పదకొండుకు ఒకసారి, సాయంత్రం ఒకసారి తీయండి. ఎక్కువసేపు వదిలేస్తే కోడి పొదుగుకు కూర్చుంటుంది, లేదా పాము వచ్చి మింగుతుంది. అక్కడ ర్యాట్ స్నేక్ అనే విషం లేని పాము గుడ్ల కోసమే వస్తుంది. అవ్వలాగా గూట్లో ఎప్పుడూ ఒక గుడ్డు ఉంచాలనిపిస్తే చెక్క గుడ్డు దొరుకుతుంది కానీ, పాము దాన్ని మింగితే చచ్చిపోతుంది. పాముల బెడద ఉంటే పెట్టకండి.

గుడ్డు మీద పెన్సిల్‌తో తేదీ రాయండి. సన్నటి వైపు కిందికి ఉండేలా అట్టలో పెట్టండి. ఫ్రిజ్ తలుపు అరలో పెట్టకండి, తలుపు తీసినప్పుడల్లా వేడి తగులుతుంది. ఇంకొకటి, మన ఇళ్ల ఫ్రిజ్‌లో కోసిన ఉల్లిపాయ, ఇంగువ, ఎండుచేపలు ఉంటాయి. గుడ్డు ఆ వాసనలు పీల్చుకుంటుంది. మూత ఉన్న డబ్బా వాడండి. గుడ్డు పులుసుకు ఆ రోజు పెట్టిన గుడ్లు తీసుకుంటే పెంకు సరిగా ఊడదు, తెల్లసొన దానికే అంటుకుని వస్తుంది. వారం పది రోజులవి ఉడికించండి. తాజావి ఆమ్లెట్‌కు బాగుంటాయి. నీళ్లలో తేలితే పాత గుడ్డని అర్థం. మునిగింది కాబట్టి క్రిములు లేవని మాత్రం అనుకోకూడదు.

చలికాలంలో గుడ్లు తగ్గిపోతే కంగారు పడకండి. పెట్టలు బాగా పెట్టాలంటే 14 నుంచి 16 గంటల వెలుతురు కావాలి. డిసెంబర్‌లో డల్లాస్‌లో పగలు 10 గంటలే. మన తిరుపతిలో అప్పుడు కూడా 11 గంటలకు పైనే ఉంటుంది, అందుకే అవ్వకు ఆ తేడా అంతగా తెలిసేది కాదు.

ఇక అమ్మకం సంగతి. దీని మీద ఆ అమ్మాయిని గట్టిగా హెచ్చరించాను. తనది హెచ్1బి. ఆ వీసా మీద స్పాన్సర్ చేసిన కంపెనీ పని తప్ప వేరే పని చేసి సంపాదించే అనుమతి లేదు. వారం వారం గుడ్లు అమ్మి డబ్బు తీసుకోవడం కూడా సొంత వ్యాపారం కిందికే రావచ్చు. వర్క్ పర్మిట్ లేకుండా హెచ్4 (హెచ్1బి వాళ్ల భార్య లేదా భర్తకు ఇచ్చే వీసా) మీద ఉన్నవాళ్లకూ, స్టూడెంట్ వీసా మీద చదువుకునే పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. డజనుకు ఐదు డాలర్ల కోసం గ్రీన్ కార్డ్ ఫైలు మీద టెన్షన్ తెచ్చుకోకండి. ఊరికే ఇవ్వండి. అమ్మి తీరాలనుకుంటే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి.

అమ్మే హక్కు ఉన్నవాళ్లు తమ రాష్ట్రం నియమాలు చూసుకోవాలి, ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. టెక్సాస్‌లో సొంత కోళ్ల గుడ్లు నేరుగా తినేవాళ్లకే అమ్మితే లైసెన్స్ అక్కర్లేదు. కానీ డబ్బా మీద 'అన్‌గ్రేడెడ్' (గ్రేడు వేయనివి) అన్న మాట, మీ పేరు, చిరునామా ఉండాలి. గుడ్లను 45 ఫారన్‌హీట్, అంటే సుమారు 7 సెల్సియస్ డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. సూపర్‌మార్కెట్ ఖాళీ డబ్బాలో వాళ్ల పేరు, గ్రేడు కనబడేలా మీ గుడ్లు పెట్టి ఇవ్వకండి. వచ్చిన డబ్బు పన్ను లెక్కలో చూపించాలి. అన్నిటికన్నా ముందు మీ ఊరి మునిసిపాలిటీ, హెచ్ఓఏ (మీ కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) అసలు కోళ్లను ఒప్పుకుంటాయా అన్నది కనుక్కోండి. పుంజును చాలా చోట్ల ఒప్పుకోరు. ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లు ఒక్క కోడి ఉన్నా ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి, 2024 అక్టోబర్ 1 నుంచి ఇది తప్పనిసరి. మాంసం, గుడ్లు వండే ఇంట్లో మిగిలిన అన్నం కోళ్లకు వేయడం కూడా అక్కడ నేరం.

లాభం వస్తుందని ఎవరైనా చెబితే ఒకసారి లెక్క వేయండి. ఒక పెట్ట రోజుకు 110 గ్రాముల దాణా తింటుంది. 50 పౌండ్ల (సుమారు 22.7 కిలోల) బస్తా ఐదు పెట్టలకు 40 రోజులు వస్తుంది. ఆ రోజుల్లో 160 గుడ్లు వచ్చాయనుకుంటే 13 డజన్లు, బస్తా ధరను వాటితో భాగిస్తే డజనుకు దాణా ఖర్చు ఎంతో తెలుస్తుంది. గూటి ఖర్చు, మెష్, గడ్డి వేరే. చలికాలంలో గుడ్లు తగ్గినా దాణా ఖర్చు తగ్గదు. లాభం కోసమైతే నేను వద్దంటాను. పిల్లలు పొద్దున్నే గూటి దగ్గరికి పరిగెత్తి వెచ్చటి గుడ్డు చేతిలోకి తీసుకోవాలంటే మాత్రం తప్పకుండా పెంచుకోండి. గుడ్డు తీశాక సబ్బుతో చేతులు కడిగించండి, కోళ్ల ఒంటి మీద సాల్మొనెల్లా అనే జబ్బు చేసే క్రిమి ఉండొచ్చు. ఐదేళ్ల లోపు పిల్లల చేతికి కోడిపిల్లలను ఇవ్వకండి.

ఫోన్ తీసుకుంటూ ఆ తల్లి ఇంకో మాట అడిగింది. "పుంజే లేదంట కదా మ్మా, మరి గుడ్డు ఎట్ల పెడతాండాయి?" పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది, కాకపోతే దాన్ని పొదిగితే పిల్ల రాదు. మనం అంగట్లో కొనే ఫారం గుడ్లూ అలాంటివే. ఆమె కాసేపు ఆలోచించి, "అయితే మా అల్లుడు తింటాడు" అని నవ్వింది. ఇన్నాళ్లూ ఆయన పెరటి గుడ్డులో పిల్ల ఉంటుందేమోనని ముట్టుకోలేదట.