ఏడు రాత్రులు, ఆరు సావిత్రులు

పోయిన వారం ఒక టీవీ చానల్ వాళ్లు రోజుకొకటి చొప్పున ఏడు పాత సినిమాలు వేశారు. మల్లీశ్వరి (1951), దేవదాసు (1953), మిస్సమ్మ (1955), మాయాబజార్ (1957), గుండమ్మ కథ (1962), నర్తనశాల (1963), మూగమనసులు (1964), సరిగ్గా విడుదలైన వరసలోనే. మీ ఉత్తరాలు, మెసేజీలు కుప్పలుగా వచ్చాయి. ఇవే సినిమాలు ఈ వారం మధ్యాహ్నం పూట మళ్లీ వేస్తున్నారు కాబట్టి, చూసేటప్పుడు పనికొచ్చే ప్రశ్నలు ముందు తీసుకున్నాం.

ప్రశ్న: మాయాబజార్‌లో సావిత్రి మొహం మరీ వెడల్పుగా కనిపించింది. ఎస్వీ రంగారావు గారైతే తెర నిండా ఆయనే. మా టీవీ కొత్తది, దసరాకే కొన్నాం. లోపం టీవీదా, సినిమాదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రెండింటిదీ కాదండీ, సెట్టింగుది. ఆ రోజుల్లో సినిమా తెర ఎత్తు మూడు పాళ్లయితే వెడల్పు దాదాపు నాలుగు పాళ్లు ఉండేది. ఇప్పటి టీవీల్లో ఎత్తు తొమ్మిదికి వెడల్పు పదహారు. పాత బొమ్మను ఇందులో సరిగ్గా పెడితే రెండు పక్కలా నల్లటి పట్టీలు వస్తాయి. ఆ నలుపు చూసి 'బొమ్మ పూర్తిగా రావడం లేదు' అనుకుని సాగదీసేస్తారు, దాంతో ప్రతి మనిషీ మూడో వంతు లావెక్కుతాడు. టీవీ రిమోట్‌లోనో సెట్‌టాప్ బాక్స్ రిమోట్‌లోనో పిక్చర్ సైజ్ అనో ఆస్పెక్ట్ రేషియో అనో ఉంటుంది, అక్కడ 4:3 పెట్టండి. చానల్ వాళ్లే సాగదీసి పంపినా ఇలా పెడితే చాలావరకు సరిపోతుంది.

ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోండి, జూమ్ జోలికి వెళ్లొద్దు. జూమ్ చేస్తే పైనా కిందా కలిపి నాలుగో వంతు బొమ్మ ఎగిరిపోతుంది, పోయిన సంగతి కూడా మనకు తెలియదు. 'అహ నా పెళ్ళియంట' పాట జూమ్‌లో ఒకసారి, మామూలుగా ఒకసారి చూడండి. అక్కడ ఉన్నది శశిరేఖ కాదు, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. సుశీల గొంతు ఆగి ఘంటసాల గొంతు అందుకోగానే సావిత్రి భుజాలు బిగుస్తాయి, అడుగు ఎడంగా పడుతుంది, మళ్లీ సుశీల గొంతు రాగానే ఆడపిల్ల నడక వచ్చేస్తుంది. ఆ తేడా అంతా కాళ్లలోనే ఉంది, జూమ్ చేస్తే పోయేవి ఆ కాళ్లే. నేను మా పిన్ని ఇంట్లో చూశాను ఈసారి. మొదటి అరగంట సాగదీసిన బొమ్మే నడిచింది, రిమోట్ తీసుకుని సరిచేశాక పిన్ని కళ్లజోడు సర్దుకుని "ఇప్పుడు సావిత్రి సావిత్రిలా ఉందే" అంది.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. బ్లాక్ అండ్ వైట్ అనగానే లేచి వెళ్లిపోతోంది. ఈ ఏడింటిలో దేనితో మొదలుపెడితే కూర్చుంటుంది?
– వరంగల్ నుంచి ఒక తల్లి

జవాబు: దేవదాసుతో మాత్రం వద్దమ్మా. గొప్ప సినిమానే, కాదనను, కానీ ఆ వయసు పిల్లకి 'ఇతను ఎందుకిలా తాగుతున్నాడు, వెళ్లి ఆ అమ్మాయిని అడగొచ్చు కదా' అనిపిస్తుంది, అలా అనిపించడంలో తప్పూ లేదు.

నా ఓటు గుండమ్మ కథకి. సూర్యకాంతం నోరు తెరిచిన ఐదు నిమిషాల్లో మీ అమ్మాయి ఫోన్ పక్కన పెడుతుంది. ఎన్టీఆర్ పనివాడి వేషంలో ఆ ఇంట్లో చేరి, నిక్కరు వేసుకుని రోటి దగ్గర కూర్చుని పిండి రుబ్బుతూ 'లేచింది నిద్ర లేచింది మహిళాలోకం' అని పాడతాడు. పెద్ద హీరో అలా కూర్చుని రుబ్బడం ఈ కాలం పిల్లలకి చాలా కొత్తగా ఉంటుంది. అప్పటికి అది ఎన్టీఆర్‌కు నూరో సినిమా, ఏఎన్నార్‌కు తొంభై తొమ్మిదోది అని కూడా చెప్పండి.

అది నచ్చితే మరుసటి రోజు మిస్సమ్మ. ఉద్యోగం కోసం పెళ్లయినట్టు నటించే ఇద్దరి కథ, అందులో ఒకరు క్రైస్తవ కుటుంబంలో పెరిగిన పిల్ల మేరీ. ఈ కాలంలో తీసినా ఒక్క మలుపు మార్చనక్కర్లేదు. చూపించేటప్పుడు ఈ సంగతి చెబితే ఆసక్తిగా వింటుంది: ఆ వేషానికి మొదట భానుమతిని తీసుకుని కొన్ని రీళ్లు కూడా తీశారు, నిర్మాతలతో పొసగక ఆమె బయటికి వచ్చేశారు. అప్పటిదాకా చెల్లెలి పాత్రకు అనుకున్న సావిత్రి మేరీ అయింది, చెల్లెలి పాత్ర జమునకు వెళ్లింది. ఒక్కటి మాత్రం చేయకండి, బలవంతం. మీరు చూస్తూ నవ్వండి, ఆ నవ్వు విని వస్తుంది.

ప్రశ్న: మల్లీశ్వరిలో 'ఆకాశవీధిలో' కోసం కాచుకుని కూర్చున్నాం. పాట సగంలో ప్రకటనలు, తిరిగొచ్చాక తరవాతి సీను! ఇలా కోసే హక్కు వాళ్లకెవరిచ్చారు?
– రిటైర్డ్ టీచర్, నెల్లూరు

జవాబు: మీ కోపం నాదీనండీ. సినిమా పేరు వేసి, దర్శకుడు బీఎన్ రెడ్డి పేరు వేసి, చూపించేది మాత్రం తరిగిన సినిమా అయితే అది చూసేవాళ్లను మోసం చేయడమే. పాటలు కోస్తే కథకేం నష్టం లేదని ఎడిటింగ్ టేబుల్ దగ్గర ఎవరో అనుకుంటారు. మల్లీశ్వరి విషయంలో ఆ లెక్క పూర్తిగా తప్పు. వాన రాత్రి మండపంలో మారువేషంలో ఉన్న రాయలవారితో, మల్లిని ప్రేమించిన నాగరాజు సరదాకి, మా మల్లికి రాణివాసపు పల్లకీ పంపించండి అంటాడు, ఆ పల్లకీ నిజంగానే వచ్చేస్తుంది. తరవాత ఇద్దరూ చెరోచోట. మాట్లాడుకునే దారి లేదు కాబట్టే ఆకాశంలో పోయే మేఘానికి చెప్పుకుంటారు. ఆ పాట తీసేస్తే వాళ్ల ఎడబాటు మనకు ఎవరో చెప్పిన కబురులా మిగులుతుంది. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు సినిమాకు రాయడం మొదలుపెట్టింది ఈ చిత్రంతోనే, పాటలే కాదు మాటలు కూడా ఆయనవే. అలాంటి రచనకు కత్తెర వేయడం నాకు నిజంగా బాధ కలిగించింది.

చానల్‌కు రాయండి. తేదీ, టైము, ఏ పాట ఎక్కడ తెగిందో రాయండి, ఊరికే 'బాగాలేదు' అంటే ఎవరూ పట్టించుకోరు. నేనూ రాశాను.

ప్రశ్న: మా అన్నయ్య హార్మోనియం వాయిస్తారు. టీవీలో ఘంటసాల పాట రికార్డు మీద విన్న శృతి కన్నా కాస్త హెచ్చుగా ఉందంటున్నారు. అది ఆయన భ్రమా?
– విశాఖపట్నం

జవాబు: భ్రమ కాదు, ఆయన చెవికి నమస్కారం. సినిమా సెకనుకు 24 ఫ్రేముల లెక్కన తీస్తారు. మన టీవీ పద్ధతి సెకనుకు 25. పాత ప్రింట్లను టీవీ కోసం మార్చినప్పుడు చాలాసార్లు ఆ 24ను 25 వేగంతో నడిపేశారు. దాంతో మూడు గంటల సినిమా ఏడు నిమిషాలు ముందే అయిపోతుంది, శృతి కూడా అర శృతికి కాస్త తక్కువగా పైకి జరుగుతుంది. మామూలుగా మనకు తెలియదు, రోజూ శృతి పెట్టుకుని కూర్చునేవారికి తెలిసిపోతుంది.

ప్రశ్న: మా దగ్గర రంగులద్దిన మాయాబజార్ ఉంది. ఇక్కడ పుట్టిన పిల్లలకు అది చూపించాలా, అసలుది చూపించాలా?
– డల్లాస్ నుంచి

జవాబు: అసలుదే. 2010లో రంగుల్లో విడుదలైనప్పుడు థియేటర్లకు కుటుంబాలు కుటుంబాలు కదిలాయి, ఆ పని చేసినవాళ్ల శ్రమను తక్కువ చేయను. కానీ దాని నిడివి తగ్గించారు, పైగా మార్కస్ బార్ట్‌లీ కెమెరా పనితనం తెలుపు నలుపుల కోసమే పుట్టింది. 'లాహిరి లాహిరి'లో నీళ్ల మీద మెరిసే ఆ వెన్నెల చూడండి. వెన్నెలకు రంగేమిటి? నీలం పూస్తే అది వెన్నెల అని ఎవరో రాసిపెట్టినట్టు ఉంటుంది, తెలుపు నలుపుల్లో చల్లగా మనమీదే పడుతుంది. దీపాలు పెట్టిన ద్వారకా నగరాన్ని చూపించి అదంతా బొమ్మరిళ్లతో కట్టిన మోడల్ అని చెప్పండి, మీ పిల్లలు వెనక్కి తిప్పి మళ్లీ చూస్తారు. ఇంకో పని పెట్టండి: ఇంత మహాభారతం సినిమాలో పాండవులు ఐదుగురూ ఎక్కడ కనిపిస్తారో కనిపెట్టమనండి. కనిపించరు!

ప్రశ్న: మొదటి తెలుగు టాకీ (మాటలున్న సినిమా) భక్త ప్రహ్లాద ఎప్పటికైనా టీవీలో వస్తుందా? మా నాన్నగారు చెబుతుంటే విన్నదే తప్ప చూడలేదు.
– 78 ఏళ్ల పాఠకుడు, రాజమండ్రి

జవాబు: రాదండీ. 1932 నాటి ఆ సినిమా ప్రింటు మనకు మిగల్లేదు. అప్పటి ఫిల్ము నైట్రేటుతో చేసేవారు, ఇట్టే అంటుకునేది, ఎండకీ ఉక్కకీ పాడయ్యేది. అవి కాక ఆడడం అయిపోయిన ప్రింట్లలోంచి వెండి తీసుకోవడానికి కరిగించేసేవారు కూడా. మీ నాన్నగారు చెప్పినవి గుర్తున్నంతవరకు రాసి పంపండి. ఏ ఊళ్లో చూశారు, ఎలా చూశారు, ఏ పద్యం పాడేవారు, ఏదైనా సరే, ఈ శీర్షికలోనే వేస్తాం.

ప్రశ్న: ఏడు సినిమాల్లో ఆరింటిలో సావిత్రే ఉంది. కావాలనే ఎంచారా?
– గుంటూరు

జవాబు: ఎంచినా ఎంచకపోయినా ఆ పదేళ్ల సినిమాలు తీస్తే అలాగే వస్తుంది. నేను మాత్రం వరసగా చూడటం వల్లే ఒకటి గమనించాను. దేవదాసులో పార్వతి, మిస్సమ్మలో కోపమొస్తే ముక్కు ఎగరేసే మేరీ, శశిరేఖ వేషంలో రాక్షసుడు, సవతి తల్లి ఇంట్లో నోరెత్తని లక్ష్మి, కీచకుడి ముందు నిలబడ్డ ద్రౌపది, గోదారి దాటే పడవలో జమీందారు గారి అమ్మాయి. పదకొండేళ్లలో ఇవన్నీ ఒక్క మనిషే. నర్తనశాలలో కీచకుడిగా ఎస్వీ రంగారావుకు జకార్తాలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది, అందరం చెప్పుకుంటాం. ఈసారి అదే సీన్లలో ఆయన్ని కాకుండా ఎదురుగా సైరంధ్రి వేషంలో నిలబడ్డ ద్రౌపది కళ్లను చూడండి. నర్తనశాల శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఉంది.