నలుగురు ఆడాలా, నలుగురే ఆడాలా?

సందేహం: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. నేను ఒడిశా ఎఫ్‌సీ అభిమానిని, మా బావ హైదరాబాద్ పక్షం. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫుట్‌బాల్‌లో విదేశీ ఆటగాళ్ల నిబంధన మీద ఇద్దరికీ ఎప్పుడూ పేచీయే. జట్టుకు ఆరుగురు అని తను, నలుగురు అని నేను. ‘నలుగురు విదేశీయులు ఆడాలి’ అని నేనంటే, ‘ఆడాలని ఎక్కడుంది, ఆడొచ్చు అను’ అంటాడు. ‘ఏడుగురు మనవాళ్లు ఉండాలి’ అన్నా అదే అర్థం కదా? ఇది చాలదన్నట్టు మా ఊరి టోర్నమెంటు పోస్టరులో ‘ప్రతి జట్టులో ముగ్గురు బయటి ఆటగాళ్లు మాత్రమే ఆడవలెను’ అని వేశారు. ఒక జట్టు ఆంధ్రా వైపున్న పాతపట్నం కుర్రాళ్లను దింపితే గొడవైంది. మా అబ్బాయేమో ‘నాలుగు మంది ప్లేయర్లు’ అంటాడు. వీటిలో ఏది ఒప్పు, ఏది తప్పు?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

సమాధానం: ముందు మీ బావతో పేచీ తీర్చేద్దాం. మీ ఇద్దరి అంకెలూ సరైనవే, కాకపోతే చెరో లెక్క చెబుతున్నారు. 2021-22 సీజన్‌కు ఐఎస్‌ఎల్ పెట్టిన నిబంధన ప్రకారం ఒక క్లబ్బు ఆరుగురు విదేశీయుల దాకా తీసుకోవచ్చు. మైదానంలో మాత్రం ఒకేసారి నలుగురికి మించి ఉండకూడదు. ఈ రెండో అంకె 2014లో లీగు మొదలైనప్పుడు ఆరు, 2017-18లో అయిదైంది, తర్వాత నాలుగుకు దిగింది. మీ బావ క్లబ్బు పద్దులో ఉన్నవాళ్లను లెక్కపెడుతున్నాడు, మీరు గడ్డి మీద నిలబడ్డవాళ్లను లెక్కపెడుతున్నారు. తంటా అంతా ‘జట్టు’ అనే మాటతో వచ్చింది. స్క్వాడ్‌నీ జట్టే అంటాం, బరిలోకి దిగిన పదకొండుమందినీ జట్టే అంటాం. ‘జట్టుకు నలుగురు’ అని ఊరుకుంటే ఏ జట్టు అని అవతలివాడు అడగక తప్పదు.

ఆ నిబంధనలో చాలామంది పట్టించుకోని మాట ‘ఒకేసారి’. అది తీసేసి ‘మ్యాచ్‌లో నలుగురికి మించి విదేశీయులు ఆడకూడదు’ అని రాశామనుకోండి. డెబ్బయ్యో నిమిషంలో ఒక విదేశీయుడిని బయటికి పిలిచి మరో విదేశీయుడిని పంపితే ఆ మ్యాచ్‌లో ఆడిన విదేశీయులు అయిదుగురవుతారు, నిబంధన తప్పినట్టవుతుంది. ‘ఒకేసారి’ ఉంటే తప్పలేదు. తెలుగు పేపర్లలో ఈ వార్తలు చదివేటప్పుడు నేను మొదట వెతికేది ఆ మాటనే. సగం చోట్ల కనబడదు.

ఇక ‘ఆడాలి’, ‘ఆడొచ్చు’ల సంగతి. మీ బావది న్యాయమే. ‘ఆడాలి’ అంటే విధి. ‘నలుగురు విదేశీయులు ఆడాలి’ అనే వాక్యాన్ని ఉన్నదున్నట్టు తీసుకుంటే ముగ్గురినే దింపిన కోచ్ తప్పు చేసినట్టే. అసలు నిబంధన ఉద్దేశం దానికి పూర్తిగా ఎదురు, ఒక్క విదేశీయుడూ లేకుండా ఆడినా దానికి అభ్యంతరం లేదు. అయితే మీ బావ చెప్పిన ‘ఆడొచ్చు’లోనూ ఒక చిక్కుంది. ‘వాన రావచ్చు’ అన్నప్పటి ‘వచ్చు’ ఊహ, ‘లోపలికి రావచ్చు’ అన్నప్పటి ‘వచ్చు’ అనుమతి. ‘రేపటి మ్యాచ్‌లో నలుగురు విదేశీయులు ఆడవచ్చు’ అని స్పోర్ట్స్ పేజీలో కనిపిస్తే అది నిబంధనో విలేకరి అంచనాయో వాక్యం చెప్పదు. నిబంధన రాసేవాళ్లు ‘నలుగురి దాకా ఆడించే వీలుంది’ అనో, ఇంకా గట్టిగా ‘నలుగురికి మించి ఆడించకూడదు’ అనో రాస్తే పీడ వదులుతుంది. ‘ఆడించు’ అనడం కూడా మంచిదే. తప్పితే జరిమానా క్లబ్బుకు గానీ ఆటగాడికి కాదు కదా.

మీరు ‘నలుగురు ఆడాలి’ అన్నప్పుడు మనసులో ఉన్నది ‘నలుగురే ఆడాలి’ అని నాకు తెలుసు. మాట్లాడేటప్పుడు ఆ ‘ఏ’ని గొంతే ఇస్తుంది, కాగితం మీదకు వచ్చేసరికి ఎగిరిపోతుంది. పైగా అది ఎక్కడ పడితే అక్కడ అర్థం మారుతుంది. ‘విదేశీయులు నలుగురే ఆడాలి’ అంటే అంకెకు కట్టు. ‘నలుగురు విదేశీయులే ఆడాలి’ అంటే మనవాళ్లంతా బయట కూర్చోవాలి. ‘విదేశీయులే నలుగురు ఆడాలి’ అంటే మనవాళ్ల లెక్క ఎలా ఉన్నా పరదేశం వాళ్లు మాత్రం నలుగురు తప్పనిసరి. అవే మూడు మాటలు, ఒక్క ఏత్వం, మూడు నిబంధనలు.

మీ ఊరి పోస్టరు పడింది సరిగ్గా ఈ గోతిలోనే. ‘ముగ్గురు బయటి ఆటగాళ్లు మాత్రమే ఆడవలెను’ అన్నదాన్ని అక్షరాలా అమలుచేస్తే ఒక్కో జట్టులో ముగ్గురే ఉంటారు, ఆ ముగ్గురూ బయటివాళ్లే! గోల్‌కీపర్ కూడా వాళ్లలోనే. ‘మాత్రమే’ దేన్ని అంటుకుని ఉంటే దాన్ని బిగిస్తుంది, అందుకే అది అంకె పక్కన ఉండాలి: ‘బయటి ఆటగాళ్లు ముగ్గురు మాత్రమే’. పనిలో పనిగా ఇంకో మాట. గిడుగు రామమూర్తి పంతులు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన ఊరు మీది. జనం మాట్లాడే తెలుగే రాయాలని ఆయన పోరాడిన తర్వాత కూడా అక్కడి గోడల మీద ‘ఆడవలెను’ ఎందుకండీ?

‘ఏడుగురు మనవాళ్లు ఉండాలి’ అన్నా అదే కదా అన్నారు. పదకొండులో నాలుగు తీస్తే ఏడు, నిజమే. కానీ రెండు వాక్యాలూ ఒకటి కావు. ఒకటి పైహద్దు, మరొకటి కిందిహద్దు. పదకొండుమందీ ఉన్నంతసేపూ తేడా తెలియదు, ఒక మనవాడికి రెడ్ కార్డు పడితే తెలుస్తుంది. మిగిలినవాళ్లు పదిమంది, అందులో విదేశీయులు నలుగురు, మనవాళ్లు ఆరుగురు. ‘నలుగురికి మించకూడదు’ అనే వాక్యం ప్రకారం చిక్కేమీ లేదు. ‘ఏడుగురికి తగ్గకూడదు’ అనే వాక్యం ప్రకారం ఆ క్షణం నుంచే జట్టు తప్పులో ఉంది, ఒక విదేశీయుడి స్థానంలో మనవాడిని దింపాల్సి వస్తుంది. కాబట్టి వీటిని ఒకదాని బదులు ఒకటి వాడకండి. పైహద్దుకు ‘మించకూడదు’, కిందిహద్దుకు ‘తగ్గకూడదు’. ఈ రెండూ ఉండగా ‘ఉండాలి’తో కుస్తీ ఎందుకు?

రెండు హద్దులూ కలిసి వచ్చే సందర్భాలూ ఉన్నాయి. పైన చెప్పిన 2021-22 నిబంధనలోనే ఆ ఆరుగురిలో ఒక్కరైనా ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య దేశానికి చెందినవారై ఉండాలి అన్న షరతు ఉంది. ఇక్కడ ‘ఒక్కరైనా’ ఎంత పని చేస్తోందో చూడండి. ‘ఒక్కరే’ అంటే ఇద్దరు పనికిరారు, ‘ఒకరు’ అంటే తేల్చినట్టు కాదు, ‘ఒక్కరైనా’ అంటే ఎంతమందైనా రావచ్చు గానీ అసలు లేకపోతే కుదరదు.

హద్దుల మాట వచ్చింది కనుక ‘వరకు’, ‘లోపు’ కూడా చూద్దాం. ‘ఆటోలో నలుగురి వరకు ఎక్కొచ్చు’ అంటే నాలుగోవాడిని దిగమని ఎవరూ అనరు. మనుషుల లెక్కలో ‘వరకు’, ‘దాకా’ చివరి అంకెను కలుపుకునే పోతాయి. ‘లోపు’ అలా కాదు. ‘నలుగురి లోపు’ అంటే ముగ్గురితో ఆగాలని కొందరు, నాలుగోవాడూ ఉండొచ్చని కొందరు. కచేరీ కాగితాల్లో దీనిమీద బోలెడు గొడవలు. నిబంధనల్లో ‘లోపు’ వద్దనే నా సలహా. అన్నట్టు ‘నలుగురు వరకు’ అని రాయకండి. ‘ఊరి వరకు’, ‘ఇంటి వరకు’ అన్నట్టే ‘నలుగురి వరకు’. వెనక నామవాచకం ఉంటే ఆ మార్పు దానికి జరుగుతుంది: ‘నలుగురు ఆటగాళ్ల వరకు’.

మీ అబ్బాయి ‘నాలుగు మంది’ దగ్గరికి వద్దాం. నాకు ఇష్టమైన విషయం, కాస్త ఓపిక పట్టండి. తెలుగులో మనుషులను లెక్కపెట్టడానికి వేరే అంకెలున్నాయి. ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు, అయిదుగురు, ఆరుగురు, ఏడుగురు. ఎనిమిది దగ్గర వాడుక దారి మారుస్తుంది: ఎనిమిది మంది, తొమ్మిది మంది, పది మంది. ఎనమండుగురు, తొమ్మండుగురు లేకపోలేదు, పుస్తకాల్లో కనబడతాయి. పదుగురు ఇంకా కాస్త బతికే ఉంది, నలుగురూ కూడిన చోట ‘పదుగురి మాట’ అంటూనే ఉంటాం. పదకొండుకు ‘గురు’ లేనే లేదు, అందుకే ఫుట్‌బాల్ జట్టు ఎప్పటికీ పదకొండుమందే. విశేషమేమిటంటే మీ వాదనలోని అంకెలు నాలుగు, ఆరు, ఏడు, మూడు అన్నీ ఎనిమిదికి ఇవతలివే. అంటే ‘మంది’ అవసరం లేనివే.

మరి ‘నాలుగు మంది’ ఎక్కడిది? మీ ఊళ్లో బడిలో, బజారులో చెవిన పడేది ఒడియా. అందులో ‘చారి జణ’, ‘ఆఠ జణ’, ‘ఎగార జణ’ అంటారు. నాలుగైనా, ఎనిమిదైనా, పదకొండైనా అంకె మారదు, వెనక ‘జణ’ చేరుతుంది. ఆ లెక్క అలవాటైన పిల్లవాడికి ‘ఎనిమిది మంది’ సరిగ్గా అతుకుతుంది, అదే వరసలో ‘నాలుగు మంది’ వచ్చేస్తుంది. నేరమంతా ఒడియా మీద మోపడమూ సబబు కాదు. ఒడియా వాసనైనా సోకని హైదరాబాద్ పిల్లలూ ‘నాలుగు మంది’, ‘అయిదు మంది’ అనడం వింటున్నాం. ‘రెండు మంది’ అని మాత్రం మీ అబ్బాయి కూడా అనడనుకుంటాను. చిన్న అంకెలు రోజూ నోట్లో నలుగుతాయి, తొందరగా అరగవు. ‘నలుగురిలో నవ్వులపాలయ్యాం’, ‘నలుగురు నాలుగు రకాలుగా అంటారు’, ‘నలుగురితో నారాయణ’, వీటిలో ఒక్కచోట ‘నాలుగు మంది’ పెట్టి చూడమనండి, వాడికే నవ్వొస్తుంది. మాట్లాడేటప్పుడు కసరనక్కర్లేదు. పరీక్ష పేపర్లో రాస్తే దిద్దండి.

ఇక అసలు గొడవ, పాతపట్నం కుర్రాళ్లు బయటివాళ్లా కారా. సరిహద్దు దాటితే పాతపట్నం, అక్కడా మన మాటే, మన చుట్టాలే. కానీ నిఘంటువు తిరగేస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. నిబంధనలోకి ఎక్కిన మాట మామూలు అర్థం వదిలేసి, నిబంధన చెప్పిన అర్థాన్నే మోస్తుంది. ఫుట్‌బాల్‌లోనే చూడండి. 2021-22లో కప్పు గెలిచిన మీ బావ హైదరాబాద్ జట్టులో జోయెల్ కియానీస్ ఉన్నాడు. ఆస్ట్రేలియావాడు, అయినా లెక్కలో ఆసియా ఆటగాడే. ఆ దేశం 2006లో ఆసియా సమాఖ్యలో చేరింది మరి. మీ ఒడిశాకు ఆడిన రాయ్ కృష్ణ ఫిజీవాడు. పేరు మన వీధిలో పిలిచినట్టే ఉన్నా నిబంధనకు విదేశీయుడు, ఆసియావాడు కూడా కాదు. జపాన్‌లో పుట్టిన ఇజుమి అరాటా భారత పౌరసత్వం తీసుకున్నాక మనవాడై 2013లో భారత జట్టుకే ఆడాడు. యూరప్‌లో ఇంకా వింత. 1990ల తొలినాళ్లలో అక్కడి కప్పుల్లో విదేశీయుల సంఖ్యకు హద్దు ఉండేది, ఇంగ్లండ్ క్లబ్బుకు వేల్స్, స్కాట్లండ్ ఆటగాళ్లు కూడా విదేశీయులే, పాస్‌పోర్టు ఒకటే అయినా. ఆ హద్దు వల్లే 1994 నవంబరులో మాంచెస్టర్ యునైటెడ్ తన మొదటి గోల్‌కీపర్, డెన్మార్క్‌వాడైన ష్మైకెల్‌ను బయట కూర్చోబెట్టి బార్సిలోనాలో నాలుగు గోల్స్ తిని వచ్చింది. మరుసటి ఏడాది డిసెంబరులో బెల్జియం ఆటగాడు బోస్మన్ కేసులో యూరప్ న్యాయస్థానం తీర్పు వచ్చాక యూరోపియన్ యూనియన్ దేశాల ఆటగాళ్లకు అలాంటి హద్దు పెట్టడం కుదరకుండా పోయింది. ఆటగాళ్లు మారలేదు, ‘విదేశీ’ అన్నదాని కొలత మారింది.

కాబట్టి మీ నిర్వాహకులు చేయాల్సిందల్లా ‘బయటి’ అంటే ఏమిటో అదే పోస్టరులో చెప్పడం. ఒక నమూనా ఇస్తున్నాను: ‘మైదానంలో ఒక్కో జట్టు తరఫున ఒకేసారి ముగ్గురికి మించి బయటి ఆటగాళ్లు ఉండకూడదు. పర్లాకిమిడి మున్సిపాలిటీలో నివాసం లేనివాళ్లంతా ఈ టోర్నమెంటుకు బయటి ఆటగాళ్లే.’ ఇలా రాస్తే కాశీనగరం కుర్రాడు మీ జిల్లావాడే అయినా బయటివాడవుతాడు. అది ఇష్టం లేకపోతే ‘మున్సిపాలిటీ’ తీసి ‘గజపతి జిల్లా’ అని పెట్టుకోండి. పాతపట్నం శ్రీకాకుళం జిల్లాలోది, రెండు రకాలుగానూ బయటే. వాళ్లనూ కలుపుకోవాలనుకుంటే ఆ ఊరి పేరు విడిగా రాయడం తప్ప వేరే దారి లేదు.