దీవిల కొత్తగ దిగినోళ్ల ప్రశ్నలు, అక్క జవాబులు

పోయిన నెల ఈ పేజీల నేను అండమాన్ల వాలంటీర్ ట్రైనీగ ఉన్నప్పటి ముచ్చట రెండు ముక్కలు రాస్తె ఉత్తరాలు, మెయిల్స్ మస్తు వచ్చినయ్. అన్నిటికి చోటు లేదు, ఎక్కువమంది అడిగినయ్ తీసుకున్న. పేర్లు ఎవ్వరియి రాస్తలేను.

ప్రశ్న: అక్కా, మాది హనుమకొండ. డిగ్రీ అయినంక తాబేళ్ల పని చేసే ఒక సంస్థల ఆరు నెలల వాలంటీర్ ట్రైనీగ అండమాన్ వచ్చిన. మూడు వారాలైంది. తాబేళ్లను కాపాడుత అనుకుని వస్తె ఇసుక బకెట్లు మోపిస్తున్నరు, ఒడ్డుమీద ప్లాస్టిక్ ఏరిపిస్తున్నరు. ఐదింటికే చీకటి పడుతది, ఏడుపొస్తది. సంక్రాంతికి గూడ ఒక్కదాన్నే. వచ్చెయ్యాల్నా?

జవాబు: చెల్లే, ముందుగాల ఆ చీకటి ముచ్చట తేల్చుదాం, ఎందుకంటె సగం ఏడుపు దాంతోనే. అండమాన్ మన వరంగల్‌కు 13 డిగ్రీలు తూర్పుకుంటది, గడియారం మాత్రం మనదే, అందుకే అక్కడ పొద్దు మనకంటె దాదాపు 50 నిమిషాలు ముందే పొడుస్తది, ముందే గూకుతది. డిసెంబర్ల ఐదు దాటి పది నిమిషాలకు సూర్యుడుండడు. ఇక్కడ మనం చౌరస్తాల మిర్చి బజ్జీ తినే టైముకు అక్కడ ఊరంత లైట్లేసుకుని ఇంట్ల కూసుంటది. నేను మొదట్ల ఫోన్ల టైం చూస్కుంట ఆరున్నరకు లేచేదాన్ని, అప్పటికే సగం పని అయిపోయేది, అందరు నవ్వేటోళ్లు. రాత్రి డ్యూటీ లేని దినాలు నాలుగున్నరకు లేచుడు, ఎనిమిదిన్నరకు పండుడు షురూ జేసినంక ఏడుపు సగం తగ్గింది, నిజంగ. ఇంటికి ఫోన్ గూడ చీకటి పడ్డంక చెయ్యకు, పొద్దుగాల చెయ్యి, చీకట్ల అమ్మ గొంతు వింటె ఇద్దరు గలిసి ఏడుసుడే. 2020ల చెన్నై నుంచి సముద్రం కింద కేబుల్ వేసినంక వీడియో కాల్ అన్న అందుతుంది, అంతకుముందు అక్కడ నెట్ అంత ఉపగ్రహం మీదనే.

ఇగ బకెట్ల సంగతి. కోపం చేసుకోకు గని, నువ్వు వాలంటీర్ అన్న మాట సదివి పక్కన ట్రైనీ అని ఉన్నది సదువలే. నేను గూడ గట్లనే పోయిన, ఏదో ఉద్ధరిస్త అని. మొదటి రెండు నెలలు నాకు వండిపెట్టింది, జ్వరమొస్తె దవాఖానకు తీస్కపోయింది, ఊగే పడవల నిలవడుడు నేర్పింది అంత ఆ ఊరోళ్లే, నేను వాళ్లకు చేసింది ఇసుక మోసుడొక్కటే. ఎవరు ఎవరికి సేవ చేసిండ్రో నువ్వే లెక్క జూడు.

ఆ ఇసుక గూడ ఉత్తది గాదు. ఆలివ్ రిడ్లే తాబేలు ఒక్కపారి వంద దాకా గుడ్లు పెడతది. కుక్కలు తోడే కాడ, అల తగిలే కాడ పెడితె వాటిని హ్యాచరీకి, అంటె కంచె వేసి గుడ్లు పొదిగించే ఇసుక జాగకు, మార్చాలె, అది గూడ పెట్టిన కొన్ని గంటలల్లనే, తిప్పకుంట, ఊపకుంట, ఎందుకంటె పిండం పెంకుకు అంటుకున్నంక గుడ్డు దొర్లితె లోపల్నే చచ్చిపోతది. ఆ తర్వాత 45 నుంచి 60 రోజులు ఇసుకలనే. ఇసుక వేడి ఎక్కువుంటె ఆడ పిల్లలు, తక్కువుంటె మగ పిల్లలు. నువ్వు మోసే ఇసుక ఎంత తడిగున్నది, ఎంత లోతుకు పోసిండ్రు అనేదాంట్లనే ఆ పిల్లల నసీబ్ ఉంటది. నాకు గుడ్డు ముట్టనిచ్చింది ఏడో వారంల, అప్పటికి నా చేతులు ఇసుక పట్టుకుంటెనే తడి ఎంతనో చెప్తుండె.

మూడు వారాలకైతే రాకు. మూడు నెలలకు గూడ గిట్లనే అనిపిస్తె టికెట్ తీస్కో, ఎవ్వరేమన్నా పట్టించుకోకు. కాని ఒకటి, పైసలు కట్టించుకుని ఏం నేర్పకపోతె, రాత్రిపూట నిన్ను ఒక్కదాన్నే ఒడ్డుకు పంపితె మూడు నెలలు గాదు, మూడు దినాలు గూడ ఆగకు.

పండుగకు ఒక్కదానివే ఎందుకుంటవ్, అక్కడ తెలుగోళ్లు మస్తుమంది, ఎక్కువ శ్రీకాకుళం దిక్కోళ్లు. వాళ్ల 'ఏటి'కి నేను నవ్విన, నా 'గట్లనా'కు వాళ్లు నవ్విండ్రు. నేను పోయిన కొత్తల బతుకమ్మ వచ్చింది, తంగేడు లేదు, గునుగు లేదు, మందారాలు బంతిపూలు పెట్టి పేర్చిన, ఇదేటని అడుగుకుంటనే వచ్చి చప్పట్లు కొట్టిండ్రు. భోగి నాడు నువ్వే పోయి వాళ్ల తలుపు కొట్టు.

ప్రశ్న: అక్కా, మాది ములుగు దిక్కు. వచ్చే నెల పగడపు దిబ్బల సర్వే ట్రైనింగుకు పోతున్న. చిన్నప్పటి సంది బాయిల ఈత కొడుతున్న, సముద్రంల ఫికర్ లేదు గదా?

జవాబు: తమ్మీ, బెండు కట్టుకుని బాయిల దూకినోనికి నీళ్ల భయముండది, అది మంచిదే. గని బాయికి ఒడ్డు నాలుగు దిక్కులుంటది. సముద్రం నిన్ను లోపటికి గుంజుతది, అట్ల గుంజినప్పుడు ఒడ్డు దిక్కు ఎదురీదితె దమ్ము పోతది, ఒడ్డుకు పక్కపొంటి ఈదు, గుంజుడు తగ్గినంక బయటికి రా. అక్కడ ఉప్పునీళ్ల మొసళ్లు గూడ ఉన్నయ్, ముఖ్యంగ మడ అడవుల వాగులు సముద్రంల కలిసే కాడ. బోర్డు లేకున్నా సరే, లోకల్ జాలరిని అడగంది దిగకు.

నీ డ్యూటీ టైం గడియారం చెప్పది, ఆటుపోట్లు చెప్తయ్. రోజుకు రెండుసార్లు నీళ్లు ఎక్కుతయ్ దిగుతయ్, ప్రతిరోజు దాదాపు 50 నిమిషాలు లేటయితది, అమాసకు పున్నానికి ఇంకా జోరు. మా నాయనమ్మ గోడమీది క్యాలెండర్ల అమాస చూస్తె నవ్వేదాన్ని, అక్కడికి పోయినంక నాకు గూడ అదే పని. పగడాల మీద కాలు పెట్టకు, అవి పానమున్న జీవాలు, ఇప్పటికే దెబ్బతిని ఉన్నయ్, 2010ల సముద్రం వేడెక్కి మస్తు పగడాలు తెల్లబడ్డయ్, 2016ల మళ్లొకసారి. డైవింగ్ చేసినంక 18 గంటలన్న ఆగకుంట ఫ్లైటెక్కకు.

ప్రశ్న: కాళ్లకు దద్దుర్లు, దురద, నిద్ర లేదు. ఏం చెయ్యాలె? (కాజీపేట నుంచి పోయిన ఒక ట్రైనీ)

జవాబు: ఒడ్డుమీది ఇసుక ఈగలు కరిచి ఉంటయ్. పొద్దుగాల, పొద్దుగూకినంక ఇసుకల కూసోకు, పోయేముందు కొబ్బరినూనె దట్టంగ రాయి. గోకకు, గోకితె ఆ తేమల పుండు మానది. కాలికి పుండుండంగ బురద నీళ్లల్ల అస్సలు దిగకు, ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతోని లెప్టోస్పైరోసిస్ వస్తది, అండమాన్ల అది పాత రోగమే. పిక్కల నొప్పితోని జ్వరమొస్తె గోళీలేసుకుని పండకు, అదే రోజు దవాఖానకు పో.

ప్రశ్న: మా బిడ్డ అక్కడికి పోయి నెలైంది. పచ్చడి, సకినాలు పంపొచ్చునా? వచ్చేటప్పుడు పూజకు శంఖం, అలమారల పెట్టడానికి పగడం తెమ్మన్న, తెస్తది గదా? (ఒక తల్లి, జమ్మికుంట)

జవాబు: అమ్మా, పగడం తెమ్మని మాత్రం చెప్పకుర్రి. ఒడ్డుమీద చచ్చిపడున్న ముక్క అయినా సరే, 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. శంఖాలల్ల గూడ కొన్ని రకాలు గట్లనే. ఎయిర్‌పోర్టుల బ్యాగు తీసి చూస్తరు, తాబేళ్ల పనికి పోయిన పిల్ల పగడంతోని దొరికితె ఎంత నామోషి. శంఖం భద్రకాళి గుడి కాడ దుకాణంల కొనుక్కోండ్రి.

సకినాలు పంపుర్రి. ఆ తేమకు కవర్ల పెట్టినయ్ రెండు దినాలల్ల మెత్తబడుతయ్, గట్టి మూతున్న డబ్బల పెట్టి పంపుర్రి. పచ్చడికంటె కారప్పొడి నయం, దార్ల కారది. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024ల శ్రీ విజయపురం అని మార్చిండ్రు, ఏ పేరు రాసినా పిన్‌కోడ్ మాత్రం తప్పు పోవద్దు. ఆమె చిన్న దీవిల ఉంటె సముద్రం గరమైన దినాలల్ల పడవలు బంద్ అయితయ్, పార్సిల్ లేటయిందని పోస్టాఫీసోళ్ల మీద అరవకుర్రి. ఇంకోటి, ఆమెకు ఒక్కదానికి సరిపోను లెక్కవెట్టి పంపకుర్రి, గసొంటి కాడ రూంల ఇంకో నలుగురుంటరు, మూత తీసిన రోజే డబ్బ ఖాళీ.