‘భౌగోళిక’మా, ‘భూవైజ్ఞానిక’మా?

సందేహం: విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వెళ్లే దారిలోని ఎర్రమట్టి దిబ్బలను కొందరు ‘భౌగోళిక వారసత్వ సంపద’ అనీ, కొందరు ‘భూగర్భ వారసత్వ సంపద’ అనీ రాస్తున్నారు. రెండూ ఒకటేనా? ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: రెండూ ఒకటి కావు, ఇక్కడ రెండూ పొసగవు. ‘భూవైజ్ఞానిక వారసత్వ సంపద’ అనాలి.

‘భూగోళం’ మీద ‘ఇక’ ప్రత్యయం చేరి, మొదటి అచ్చుకు వృద్ధి వచ్చి ‘భౌగోళిక’ అయింది. పురాణం పౌరాణికమైనట్టు, మూలం మౌలికమైనట్టు. వ్యుత్పత్తినే పట్టుకుంటే భూగోళానికి చెందిన రాయీ రప్పా కూడా భౌగోళికమే. కానీ మాటకు అర్థాన్ని ఖాయం చేసేది వాడుక. బడిలో భూగోళశాస్త్రం పేరుతో చదివింది ఎల్లలు, నదులు, శీతోష్ణస్థితి, జనావాసాలు. అందువల్ల ఒక చోటు ఎక్కడుంది, దాని చుట్టూ ఏముంది అని చెప్పే విశేషణంగా ‘భౌగోళిక’ స్థిరపడింది. ఏటికొప్పాక లక్క బొమ్మలకు 2017లో, అరకు కాఫీకి 2019లో ‘భౌగోళిక గుర్తింపు’ దక్కింది. ఆ మాట అక్కడ సరిగ్గా సరిపోయింది. ఈ సరుకు ఫలానా ఊరిది, ఫలానా లోయది అని చెప్పడమే కదా ఆ గుర్తింపు!

నేల ఎలా ఏర్పడింది, శిల ఏ జాతిది అన్న ప్రశ్నలు వేరే శాస్త్రానివి. అదే భూవిజ్ఞానం (జియాలజీ), దాని విశేషణమే ‘భూవైజ్ఞానిక’. మీ ఊరి యారాడ కొండనే చూడండి. సముద్రంలోకి చొచ్చుకుపోయి ఓడరేవుకు అడ్డుగా నిలవడం దాని భౌగోళిక లక్షణం. అందులో ఖోండలైటు శిల ఉండటం భూవైజ్ఞానిక లక్షణం. (తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరే ఆ శిలకు పెట్టారు.) ఎర్రమట్టి దిబ్బల విశేషం వాటి ఉనికిలో లేదు, పుట్టుకలో ఉంది. తీరపు ఇసుక గాలికి వచ్చి మేట వేసింది, ఇసుక రేణువులకు పట్టిన ఇనుము ఆక్సైడు దాన్ని ఎర్రబరిచింది, వాన నీరు లోతైన గండ్లుగా కోసింది. దీన్ని ‘భౌగోళికం’ అంటే చదివేవారికి ఆ కథంతా అందకుండా పోతుంది. నా పట్టుదల అందుకే.

‘భూగర్భ’ సంగతి. జియాలజీకి ‘భూగర్భశాస్త్రం’ అన్న పేరు పాతదే, దాన్ని తప్పు పట్టనక్కర్లేదు. కానీ ‘శాస్త్రం’ తీసేసి ‘భూగర్భ’ను ఒంటరిగా విశేషణం చేస్తే నేల లోపలిదనే అర్థం వస్తుంది: భూగర్భ జలాలు, భూగర్భ మురుగునీటి కాలువలు. కళ్లెదుట నిలువెత్తున ఉన్న దిబ్బలకు ఆ మాట నప్పదు.

‘భౌమ’ అనే చక్కని పాత విశేషణం ఉంది. అయితే అది పంచాంగానికే పరిమితమైంది. భౌముడంటే కుజుడు, భౌమవారమంటే మంగళవారం. ఇప్పుడు దాన్ని ఇటు లాక్కురావడం కష్టం.

పొడవు తగ్గించాలని ‘భూవారసత్వం’ అని మాత్రం రాయకండి. అది తాతగారి పొలం మనవళ్లకు రావడం గురించిన మాటలా వినిపిస్తుంది. శీర్షికలో చోటు చాలకపోతే ‘జియో హెరిటేజ్’ అనే రాయండి, నాకు అభ్యంతరం లేదు.