వంజంగిలో మేఘాలు కనిపిస్తాయో లేదో ముందు రోజే తెలుసుకోవచ్చా? నాలుగు సార్లు వెళ్లిన అనుభవంతో

ఒకరు అడిగింది ఏంటంటే, జనవరిలో వైజాగ్ నుంచి పాడేరు దగ్గరున్న వంజంగి కొండకి, పైనుంచి కింద లోయలో పరుచుకున్న మేఘాలు చూడ్డానికి వెళ్దామనుకుంటున్నారు, ఫోన్‌లో వెదర్ యాప్ 'క్లియర్ స్కై' అని చూపిస్తోంది, మరి మేఘాలు ఉండవా, ప్రోగ్రామ్ వాయిదా వేసుకోవాలా అని. వేసుకోకండి. రాత్రంతా ఆకాశం క్లియర్‌గా ఉంటేనే అక్కడ మేఘాలొస్తాయి, వినడానికి తిక్కగా ఉంటుంది గానీ నిజం.

నేను నాలుగు సార్లు వెళ్లాను, ఒక్కసారే దొరికింది మూడు సార్లు బొక్క. మొదటిసారి డిసెంబర్‌లో, యాప్‌లో పాడేరు 10 డిగ్రీలు అని చూసి ఇంత చలి ఉంటే మేఘాలు పక్కా అనుకుని నలుగురం అర్ధరాత్రి బైకుల మీద బయల్దేరాం, ఘాట్‌లో వేళ్లు కొంకర్లు పోయాయి, తీరా పైకెక్కి చూస్తే లోయ మొత్తం అద్దంలా కనిపిస్తోంది, ఒక్క మబ్బు తునక లేదు.

తర్వాత కూర్చుని చూసుకుంటే అర్థమైంది, మేం చూడాల్సిన నంబర్ అది కాదు. డ్యూ పాయింట్ అని ఒకటుంటుంది, చాలా యాప్‌లలో కింద ఎక్కడో ఉంటుంది, ఎవరూ చూడరు. గాలి ఎన్ని డిగ్రీలకి చల్లబడితే అందులో ఉన్న తేమ నీళ్లుగా మారడం మొదలవుతుందో ఆ నంబర్ అన్నమాట. ఫ్రిజ్‌లో నీళ్లు స్టీల్ గ్లాసులో పోస్తే బయట చెమట పట్టినట్టు వస్తుంది కదా, అదే పని. మేం వెళ్లిన రోజు డ్యూ పాయింట్ 5, రాత్రి కనిష్ఠం 10, అంటే గాలి ఇంకో అయిదు డిగ్రీలు చల్లబడితే తప్ప మంచు కట్టదు, అంతలో తెల్లారిపోయింది. ఉత్తరం నుంచి పొడి గాలి వీచే రోజుల్లో ఇలాగే అవుతుంది, చలి మాత్రం ఎముకలు కొరికేస్తుంది, మేఘం ఉండదు.

రెండోసారి సాయంత్రం ఆరింటికి 18 డిగ్రీలు, డ్యూ పాయింట్ 14, రాత్రికి 11 దాకా పడిపోతుందని ఫోర్‌కాస్ట్. అంటే దారిలోనే 14 దాటుతుంది కదా. పైగా రెండ్రోజుల ముందు వానపడి నేల తడిగా ఉంది. ఆ రోజు చూశాను నా జన్మలో మర్చిపోను, కాళ్ల కింద పాలసముద్రమే, కొండల కొసలు మాత్రం దీవుల్లా.

జరిగేది ఏంటంటే, రాత్రి మబ్బు లేకపోతే నేల తన వేడిని పైకి వదిలేసి గబగబా చల్లారిపోతుంది, మబ్బుంటే అది దుప్పటిలా ఆ వేడిని కిందకే పంపుతుంది. నేలని ఆనుకున్న గాలి కూడా చల్లబడి బరువెక్కి వాలు వెంట లోయలోకి జారి అక్కడే నిలుస్తుంది, దానిపైన వెచ్చటి గాలి మూతపెట్టినట్టు ఉంటుంది. లోపల ఉన్న తేమ దుమ్ము, పొగ రేణువుల చుట్టూ పట్టుకుని చిన్న చిన్న చుక్కలవుతుంది, వెంట్రుక మందంలో నాలుగో వంతో అయిదో వంతో ఉంటాయి అంతే, అందుకే కింద పడకుండా తేలుతూ ఉంటాయి. లోయలో ఉన్నవాడికి అది పొగమంచు, పైనున్న మనకి మేఘం.

ఆ మూత కంటికి కనిపిస్తుంది కూడా. ముందురోజు సాయంత్రం పాడేరు దగ్గర టీ తాగుతుంటే కొట్టు నడిపే పెద్దాయన "అదిగో ఆ పొగ సూడు బాబూ, రేపుంటాది" అన్నాడు. కింద ఇళ్లలో పొయ్యిల పొగ కొంత ఎత్తు లేచి ఇంక పైకి పోకుండా చాప పరిచినట్టు అడ్డంగా పాకుతోంది. నాకైతే యాప్ కంటే ఆయన మాటే ఎక్కువ పనికొచ్చింది.

మూడోసారి వేరే కథ. బంగాళాఖాతంలో అల్పపీడనం, తూర్పు గాలులు. సముద్రం మీంచి వచ్చిన తేమగాలి కొండకి తగిలి పైకి లేస్తుంది, లేచేకొద్దీ వ్యాకోచించి చల్లబడుతుంది, కిలోమీటరుకి సుమారు 10 డిగ్రీలు, అలా కూడా మేఘం కడుతుంది కానీ అది కొండ నెత్తినే కడుతుంది. మేం దాని లోపల నిలబడ్డాం, పక్కోడి మొహం కనపడట్లేదు, జుట్టు తడిసింది, ఫోటోలన్నీ తెల్ల కాగితాలు.

యాప్‌లో 'ఫాగ్' బొమ్మ రాలేదని మాత్రం కంగారు పడకండి. వాతావరణం అంచనా వేసే కంప్యూటర్ మోడల్ నేలని గడులుగా విడగొట్టి లెక్క కడుతుంది. 2025 మేలో మనవాళ్లు తెచ్చిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అనే మోడల్‌లో కూడా ఒక్కో గడి 6 కిలోమీటర్లు, అంతకు ముందు 12 ఉండేది. ఒక గడిలోనే కొండా లోయా రెండూ కలిసిపోతే పాపం అది మాత్రం ఏం చెప్తుంది. అందుకే మీరే చూస్కోండి, రాత్రి మబ్బు లేకపోవడం, గాలి గంటకి అయిదారు కిలోమీటర్ల లోపు, కనిష్ఠం డ్యూ పాయింట్‌ని తాకడం. ఈ మూడూ కలిస్తే బండి తీయండి. నవంబర్, డిసెంబర్‌లో వానలు పడి తెరిపిచ్చిన మొదటి రెండు రాత్రులైతే ఇంకా మంచిది.

సూర్యోదయానికి ముందే పైన ఉండాలి, ఎండ తగిలి లోయ వేడెక్కితే మొత్తం పైకి లేచి విడిపోతుంది. నాలుగోసారి అన్ని లెక్కలూ కుదిరాయి, మావాడు ఇడ్లీ తిని ఎక్కుదాం అన్నాడు, సరేలే అన్నాం, తొమ్మిదింటికి పైకెక్కి చూస్తే కింద పొలాల్లో మేస్తున్న ఆవుల్ని లెక్కపెట్టొచ్చు.